వింత చరిత్ర కనబడితే చాలు, ముందు జోకు వచ్చేస్తోంది

ప్రశ్న: కలిసి చదువుకున్న స్నేహితులం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. అందులో ఒకడికి చరిత్ర పిచ్చి. ఎక్కడెక్కడి వింతలో వెతికి పెడుతుంటాడు. ఆస్ట్రేలియా సైన్యం ఈము పక్షుల మీద మెషిన్‌గన్లతో యుద్ధానికి వెళ్లి ఓడిపోయిందని ఒకసారి, క్లియోపాత్రా కాలం గిజా పెద్ద పిరమిడ్ కంటే చంద్రుడి మీద మనిషి దిగిన కాలానికే దగ్గరని ఇంకోసారి. వాడు పెట్టగానే నేను జోకు వేస్తాను. అందరూ నవ్వుతారు. చాలా ఏళ్లుగా ఇలాగే నడిచింది.

ఈమధ్య 1919లో అమెరికాలోని బోస్టన్‌లో వచ్చిన మొలాసిస్ (తియ్యటి చక్కెర పాకం) వరద గురించి పెట్టాడు. నేను వెంటనే "తియ్యటి చావంటే ఇదేనన్నమాట" అని రాశాను. వాడు "21 మంది పోయారురా. ఒక్కసారైనా నేను పెట్టింది పూర్తిగా చదివావా?" అన్నాడు. అప్పటినుంచి ఏమీ పెట్టడం లేదు. గ్రూపంతా చల్లబడిపోయింది. నాకు టెన్షన్‌గా ఉంది. వందేళ్ల కిందటి సంగతి మీద జోకు వేయడం అంత తప్పా? ఇక మానేయాలా? ఇంకో గొడవ కూడా ఉంది. నేను సరదాకి అల్లిన ఒక "చారిత్రక నిజాన్ని" మా బావమరిది నిజంగా నమ్మి ఆఫీసులో అందరికీ పంపాడు. చివరిగా, మా వాడే తప్పు సంగతి పెడితే, నెపోలియన్ పొట్టివాడని ఒకసారి పెట్టాడు, జోకుతో సరిదిద్దవచ్చా? బాధపడతాడా?

సమాధానం: జోకులు మానేయనక్కర్లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, మీ ఉత్తరంలో ఆ భయమే ఎక్కువగా కనబడింది. వింత సంగతి విన్నప్పుడు నవ్వు రావడం మనసు చురుగ్గా ఉందనడానికి గుర్తు. మనం ఒకటి ఊహిస్తాం, ఎదురుగా ఇంకోటి వచ్చి నిలబడుతుంది, రెంటికీ పొంతన కుదరదు, నవ్వొస్తుంది. జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లోనే ఇంచుమించు ఇదే అన్నాడు: బిగబట్టి ఎదురుచూసినది ఒక్కసారిగా ఏమీ లేకుండా పోయినప్పుడు నవ్వు పుడుతుందని. యుద్ధం అనగానే మనకు శత్రుసైన్యం, సరిహద్దు, ఫిరంగులు గుర్తొస్తాయి. అక్కడ పొడుగుకాళ్ల పక్షులు పరిగెత్తుతూ కనబడితే నవ్వకుండా ఎవరుంటారు?

ఆ కథ జరుగుతున్న రోజుల్లోనే జనం నవ్వారు కూడా. 1932 నవంబరులో మేజర్ మెరెడిత్ అనే అధికారి తన మనుషులతో, రెండు లూయిస్ మెషిన్‌గన్లతో, 10,000 తూటాలతో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాంపియన్ ప్రాంతానికి వెళ్లాడు. గోధుమ పొలాల మీద పడిన ఈములు సుమారు 20,000. తుపాకీ పేలగానే అవి చిన్న చిన్న గుంపులుగా విడిపోయి చెల్లాచెదురయ్యేవి. వారం తిరక్కుండానే సైన్యాన్ని వెనక్కి పిలిచారు. మళ్లీ పంపారు. డిసెంబరులో ఆపేశారు. పతకాలు ఇచ్చేటట్టయితే ఈములకే ఇవ్వాలి, ఇప్పటిదాకా ప్రతి రౌండూ అవే గెలిచాయి అని ఆ రోజుల్లోనే అక్కడి పార్లమెంటు సభ్యుడు ఒకాయన అన్నాడు. మీ గ్రూపులో మీరు వేసిన జోకు కూడా బహుశా దీనికి దగ్గర్లోనే ఉండి ఉంటుంది. అది మంచి జోకు. పక్షుల బెడదకు మెషిన్‌గన్లు పంపిన ప్రభుత్వానికి అది సరిగ్గా తగిలింది.

అయితే ఆ కథలో మీ స్నేహితుడికి నచ్చింది బహుశా పక్షులొక్కటే అయి ఉండవు. ఆ రైతుల్లో చాలామంది మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి తిరిగొచ్చినవాళ్లు. వాళ్లు సాగుకు దిగిన భూములు అంతంతమాత్రం. ఆనాటి ప్రపంచ ఆర్థిక మహామాంద్యంలో గోధుమ ధర పడిపోయింది, ప్రభుత్వం ఇస్తానన్న సాయం చేతికి రాలేదు, ఆపైన ఈములు పంట మీద పడ్డాయి. మెషిన్‌గన్లు కావాలని అడిగింది ఆ రైతులే, ఎందుకంటే యుద్ధరంగంలో వాటి దెబ్బ ఎలా ఉంటుందో కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. ఇదంతా తెలిశాక కూడా ఈముల మీద నవ్వు రాకుండా పోదు. కాకపోతే ఆ రైతు మీద నవ్వాలనిపించదు.

మీ ఇద్దరి మధ్య జరిగినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు ఆ వరద గురించి ఒక వాక్యం చూశారు. అతను ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో చదివి వచ్చాడు. ఇద్దరూ ఒకే సంగతి గురించి మాట్లాడుకుంటున్నారని మీరు అనుకున్నారు, నిజానికి మాట్లాడుకోలేదు.

నవ్వు గురించి పరిశోధించిన పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ 2010లో ఒక వివరణ ఇచ్చారు. ఏదో తేడాగా ఉందనిపించాలి, అదే క్షణంలో దానివల్ల ప్రమాదమేమీ లేదని కూడా అనిపించాలి. రెండూ కలిసినచోట నవ్వొస్తుంది. ప్రమాదం లేదనిపించడానికి పెద్ద కారణం దూరం. మెక్‌గ్రా బృందమే 2012లో అమెరికాను తాకిన శాండీ తుపాను మీద జోకులను రోజులు గడిచేకొద్దీ జనానికి చూపించి అభిప్రాయం అడిగింది. తుపాను తాకిన రోజుల్లో అవి నవ్వించలేదు. కొన్ని వారాల తర్వాత బాగా నవ్వించాయి. ఇంకా నెలలు గడిచేసరికి చప్పబడిపోయాయి. వందేళ్ల కిందటి సంగతి కదా అని మీరు అడిగినదాంట్లో కొంత నిజం ఉందన్నమాట, కాలం గడిస్తే జోకుకు చోటు దొరుకుతుంది. కానీ దూరం కాలంతోనే రాదు, తెలియకపోవడం వల్ల కూడా వస్తుంది. 1919 మీకు దూరం. దాన్ని రాత్రి కూర్చుని చదివినవాడికి అది ఆ రాత్రే జరిగినట్టుంటుంది. మీ జోకు అతనికి అంత దగ్గర్లో తగిలింది.

అతను చదివి ఉంటాడనుకుంటున్నది నేను ఇక్కడ చెబుతాను, ఎందుకంటే దీన్ని తెలుసుకోకుండా మీరు అతనికి ఏం చెప్పినా అతకదు. మొలాసిస్ అంటే చక్కెర తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం. బోస్టన్ నార్త్ ఎండ్ ప్రాంతంలో ఒక కంపెనీ దాన్ని 50 అడుగుల ఎత్తున్న ఉక్కు ట్యాంకులో నిలవ చేసేది. దాంతో పరిశ్రమలకు పనికొచ్చే ఆల్కహాలు చేసేవారు, యుద్ధకాలంలో మందుగుండుకు అది బాగా కావాల్సి వచ్చింది. 1919 జనవరి 15 మధ్యాహ్నం ఆ ట్యాంకు పగిలింది. అందులో సుమారు 23 లక్షల గ్యాలన్లు ఉంది, అంటే 87 లక్షల లీటర్ల దాకా. అల 25 అడుగుల ఎత్తున లేచింది. గంటకు సుమారు 35 మైళ్ల వేగంతో వీధిలోకి వచ్చింది. ఇళ్లు పునాదుల మీంచి కదిలాయి. వీధి పైనుంచి పోయే రైలు మార్గం ఉక్కు దూలాలు వంగిపోయాయి. చలికి మొలాసిస్ గట్టిపడుతూ వచ్చింది, అందులో ఇరుక్కున్నవాళ్లను బయటికి లాగడం ఇంకా కష్టమైంది. 21 మంది చనిపోయారు, సుమారు 150 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో పదేళ్ల పిల్లలున్నారు.

ఆ ట్యాంకు 1915లో కట్టిన దగ్గరనుంచీ కారుతూనే ఉంది. చుట్టుపక్కల పిల్లలు డబ్బాలు తెచ్చుకుని కారేదాన్ని పట్టుకునేవారు. కట్టాక నీళ్లతో పూర్తిగా నింపి పరీక్షించనే లేదు. ఫిర్యాదులు వస్తే కంపెనీ చేసిన పని ఏమిటో తెలుసా? మరకలు కనబడకుండా ట్యాంకుకు గోధుమరంగు వేయించింది. పగిలాక, అరాచకవాదులెవరో బాంబు పెట్టారని వాదించింది. ఏళ్ల తరబడి విచారణ సాగింది. చివరికి కంపెనీదే తప్పని తేలి, నష్టపరిహారం కట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇదే సంగతి మీద జోకు వేయమంటే మీరేం వేస్తారు? నాకైతే ఆ గోధుమరంగు దగ్గరే ఆగాలనిపిస్తుంది: "కారడం ఆపమంటే, కారినట్టు కనబడటం ఆపారు." ఇది కూడా జోకే, ఇందులోనూ నవ్వుంది. కానీ మీ స్నేహితుడు దీన్ని చూసి బాధపడడు, అవునురా అని ఇంకో రెండు సంగతులు చెబుతాడు. చనిపోయినవాళ్ల మీద పడిన నవ్వును రంగు వేయించినవాళ్ల మీదికి మళ్లించాం, అంతే. అలా మళ్లించడానికి ఆ రంగు సంగతి తెలిసి ఉండాలి. అందుకే నేను మీకు జోకు తగ్గించమని చెప్పడం లేదు, ఇంకొంచెం చదివి వేయమంటున్నాను.

ఈ పద్ధతి చాలాచోట్ల పనిచేస్తుంది. 1518లో, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరంలో జనం ఆగకుండా నాట్యం చేసిన సంగతి తెలిసే ఉంటుంది. ఆగలేక ఆడుతున్నవాళ్ల మీద జోకు వేస్తే అది రోగి మీద వేసినట్టు. ఇంకా ఆడితే తగ్గుతుందని చెప్పి వాయిద్యాలవాళ్లను డబ్బిచ్చి పిలిపించిన నగర పాలకుల మీద ఎంతైనా వేయొచ్చు. 1896 ఆగస్టు 27న బ్రిటన్‌కూ, ఆఫ్రికా తూర్పు తీరం దగ్గరి దీవి జాంజిబార్‌కూ జరిగిన యుద్ధం 40 నిమిషాలు అటూఇటూగా ముగిసింది. మా ఆఫీసు మీటింగు ఇంతకన్నా ఎక్కువసేపు నడుస్తుందని దాని మీద అందరూ వేసే జోకు. ఆ కొద్దిసేపట్లో జాంజిబార్ వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి సుమారు 500 మంది. బ్రిటన్ వైపు గాయపడింది ఒక్క నావికుడు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు మీటింగు జోకు నోటిదాకా రాదు.

కొన్నిచోట్ల నవ్వుకు అసలు చోటుండదు, దాన్ని ఒప్పుకోవాలి. గడియారాల ముళ్లు, అంకెలు చీకట్లో మెరవాలని రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు పూసిన అమ్మాయిల సంగతి అలాంటిది. కుంచె కొన సన్నబడటానికి పెదవులతో తడపమని వాళ్లకు నేర్పారు. ప్రమాదం లేదన్నారు కాబట్టి సరదాకు గోళ్లకు, పళ్లకు కూడా రాసుకున్నారు. తర్వాత దవడ ఎముకలు కుళ్లాయి, చాలామంది చనిపోయారు. మెరిసే అమ్మాయిలంటూ దాని మీద జోకులు వేసేవాళ్లు ఉన్నారు. మీరు ఆ వరసలో నిలబడకండి.

క్లియోపాత్రా సంగతి మాత్రం పూర్తిగా మీ ఇష్టం. పెద్ద పిరమిడ్ క్రీ.పూ. 2560 ప్రాంతంలో కట్టారు, ఆమె క్రీ.పూ. 30లో చనిపోయింది, చంద్రుడి మీద మనిషి దిగింది 1969లో. ఒకవైపు 2,500 ఏళ్లు, ఇంకోవైపు 2,000. అక్కడ ఎవరికీ దెబ్బ తగలదు, ఎంత కావాలంటే అంత ఆడుకోండి. శుక్రగ్రహం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 243 రోజులు పట్టి, సూర్యుడి చుట్టూ 225 రోజుల్లోనే తిరిగి వస్తుంది. దీని మీద కూడా పుట్టినరోజు జోకులు ఎన్నైనా పుడతాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీన్ని మీరు అడగలేదు గానీ మీ ఉత్తరంలో ఉంది. "వాడు పెట్టగానే నేను జోకు వేస్తాను" అని రాశారు. ఆ "పెట్టగానే" దగ్గరే సగం సమస్య ఉంది. మొదటి స్పందన ఏదైతే మిగతావాళ్లు దాని వెనకే నడుస్తారు. మీరు జోకు వేశాక వచ్చే నవ్వుబొమ్మలన్నీ మీకే వస్తాయి, అతను తెచ్చిన సంగతికి ఒక్కటీ రాదు. "అవునా, తర్వాత ఏమైంది?" అని అడగాలనుకున్నవాడు కూడా, ఇంత నవ్వులాట మధ్య ఇదేం ప్రశ్నలే అని మానేస్తాడు. ఇలా ఏళ్ల తరబడి జరిగితే, వింతను వెతికి తెచ్చేవాడికి తాను మీ జోకులకు సరుకు సరఫరా చేస్తున్నట్టనిపిస్తుంది. మొలాసిస్ జోకు అతన్ని అంత నొప్పించిందంటే, అది ఆ ఒక్కరోజు బాధ అయి ఉండదని నా నమ్మకం.

"ఇదీ వాట్సాప్ యూనివర్సిటీ సరుకేనా?" అనే మాట కూడా మీ గ్రూపులో నడుస్తుంటే దయచేసి ఆపించండి. అది జోకులా వినబడుతుంది గానీ, నువ్వు తెచ్చింది అబద్ధం అని నలుగురిలో అనడమే. నిజంగా అనుమానముంటే అనుమానమని అడగాలి.

సంగతిని ముందుకు నడిపే జోకులు వేరే ఉంటాయి, మీలాంటి చురుకైనవాళ్లు వాటిని వేయగలరు. టైకో బ్రాహే అనే డెన్మార్క్ ఖగోళ శాస్త్రజ్ఞుడు 1566లో ఒక ద్వంద్వయుద్ధంలో ముక్కులో కొంత భాగం పోగొట్టుకుని, లోహపు ముక్కు పెట్టుకుని తిరిగాడు. "మరి జలుబు చేస్తే ఏం చేసేవాడో?" అని మీరు అన్నారనుకోండి. అది జోకూ అవుతుంది, ప్రశ్నా అవుతుంది. మీ స్నేహితుడు వెంటనే చెబుతాడు, దాన్ని అతికించుకోవడానికి వెంట జిగురు ఉంచుకునేవాడంటారని. ఆ ముక్కు వెండిదో బంగారుదో అని జనం చెప్పుకునేవారు. 2010లో సమాధి తెరిచి ఎముకలు పరీక్షిస్తే ఇత్తడి ఆనవాళ్లు దొరికాయి. టెలిస్కోపు రాకముందే ఆ ముక్కుతోనే ఆకాశాన్ని చూస్తూ అతను రాసిపెట్టిన కొలతల మీదే కెప్లర్ అనే శాస్త్రజ్ఞుడు గ్రహాలు తిరిగే నియమాలు కనిపెట్టాడు. జలుబు దగ్గర మొదలైన మాట కెప్లర్ దాకా వెళ్లింది.

నవ్వునూ ఆలోచననూ కలిపి నడిపించాలనే ఉద్దేశంతో 1991 నుంచి ఇగ్ నోబెల్ బహుమతులు ఇస్తున్నారు. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకే అవి. ఆస్ట్రేలియాలో ఉండే వామ్‌బ్యాట్ అనే జంతువు పేడ ఘనాకారంలో ఉంటుంది. అలా ఎందుకుంటుందో కనిపెట్టినవాళ్లకు 2019లో ఇచ్చారు. పేగు గోడ చుట్టూ ఒకే బిగువు లేకపోవడమే కారణమని వాళ్లు తేల్చారు. అయస్కాంతాలతో కప్పను గాలిలో తేల్చినందుకు 2000లో ఈ బహుమతి అందుకున్నవాళ్లలో ఆంద్రే గైమ్ ఒకడు. పదేళ్ల తర్వాత 2010లో, గ్రాఫీన్ అనే ఒక్క అణువు మందపు కార్బన్ పొర మీద పనికి ఆయనకు అసలు నోబెల్ కూడా వచ్చింది. నవ్వొచ్చే సంగతిని చివరిదాకా పట్టించుకునే మనిషి ఎంత దూరం వెళ్లగలడో చెప్పడానికి నాకు ఇంతకన్నా ఇష్టమైన ఉదాహరణ లేదు.

మీ బావమరిది సంగతికి వస్తాను. ఇది మీరు అనుకుంటున్నదానికన్నా పెద్దది. 1917 డిసెంబరులో అమెరికా పాత్రికేయుడు మెంకెన్ స్నానాల తొట్టి చరిత్ర అంటూ ఒక పత్రికలో సరదాగా వ్యాసం రాశాడు. తొట్టి అమెరికాకు 1842లో వచ్చిందనీ, అధ్యక్షుడు ఫిల్‌మోర్ దాన్ని వైట్‌హౌస్‌లో పెట్టించాడనీ అన్నీ కల్పించి రాశాడు. జనం నమ్మేశారు. అది పుస్తకాల్లోకీ ఉపన్యాసాల్లోకీ ఎక్కింది. 1926లో ఆయనే అదంతా అబద్ధమని మళ్లీ రాసినా ఆగలేదు, దశాబ్దాల తర్వాత కూడా నిజంగానే చెప్పుకున్నారు. 1814లో లండన్‌లో బీరు పీపా పగిలి వీధులు మునిగిన సంగతి కూడా ఇలాగే అయింది. జనం ఎగబడి తాగారని, తాగి చచ్చారని ఇప్పటికీ చెబుతారు. ఆనాటి పత్రికల్లో అలాంటిదేమీ లేదు. నిజంగా జరిగింది వేరు. 8 మంది చనిపోయారు, అందరూ ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లలో కొందరు ఒక నేలమాళిగలో, చనిపోయిన రెండేళ్ల బిడ్డ చుట్టూ చేరి ఏడుస్తున్నవాళ్లు. తర్వాత ఎవరో నవ్వించడానికి చెప్పిన మాట ఆ శోకాన్ని కప్పేసింది. నాకు దీన్ని తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

కాబట్టి మీ బావమరిదికి ఈరోజే చెప్పండి. "నేను పంపింది నిజం కాదు, సరదాగా అల్లాను. నువ్వు ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ ఈ మాట కూడా పంపు" అని నేరుగా చెప్పండి. నమ్మినందుకు అతన్ని ఆటపట్టించవద్దు. నమ్మేలా రాసింది మీరు. ఆఫీసులో అతనికి చిన్నతనం కాకుండా, కావాలంటే మీ పేరే చెప్పమనండి.

ఇక ముందు అల్లిన సంగతి అల్లినట్టే కనబడాలి. తెర మీద గొంతు వినబడదు, ముఖం కనబడదు, ఈ ఇబ్బంది కంప్యూటర్లలో మాట్లాడుకోవడం మొదలైనప్పటినుంచీ ఉంది. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ చర్చల బోర్డులో, తెగి కింద పడుతున్న లిఫ్టులో పాదరసం బొట్టు ఏమవుతుందని ఒక భౌతికశాస్త్ర ప్రశ్న నడిచింది. ఒకరు దాని మీద జోకుగా, ఫలానా లిఫ్టులో పాదరసం ఒలికిందని హెచ్చరిక రాశారు. కొందరు నిజంగానే భయపడ్డారు. ఆ చర్చలోంచే ఆ ఏడాది సెప్టెంబరు 19న అక్కడి కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు స్కాట్ ఫాల్‌మన్, జోకు అని తెలియడానికి పక్కకు తిరిగిన నవ్వుముఖం గుర్తు పెడదామని ప్రతిపాదించాడు. ఇప్పుడు మనం వాడే నవ్వుబొమ్మలకు అదే మొదలు. ఒక ఉత్తుత్తి హెచ్చరిక వల్ల అంత అవసరం పడింది. మీ అల్లికకు మాత్రం బొమ్మ ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం, ఇంకొకరికి పంపేటప్పుడు అది ఊడిపోతుంది. వాక్యంలోనే ఎవరూ నమ్మలేని ముక్క ఒకటి ఉండాలి. సంవత్సరం, పేరు, అంకె పెట్టి నమ్మించేలా మాత్రం రాయకండి. అవి పెడితే జోకు కాస్తా నకిలీ చరిత్ర అయిపోతుంది.

మీ స్నేహితుడితో ఎలా మాట్లాడాలో చెబుతాను. ముందు ఫోన్ చేయండి, మెసేజి వద్దు. "వందేళ్ల కిందటిది కదరా" అనే వాదన ఎత్తకండి, అతనికి అది మళ్లీ అదే జోకులా వినబడుతుంది. "నీకు హ్యూమర్ లేదు" అనే మాట మనసులోంచి కూడా తీసేయండి. ఏళ్లుగా మీ జోకులకు నవ్వినవాడు అతను. చదవకుండా మాట్లాడానని చెప్పి, చదివాక మీకేమనిపించిందో చెప్పండి, ఆ గోధుమరంగు సంగతో, ఆ పిల్లల సంగతో, ఏది మిమ్మల్ని నిజంగా పట్టుకుందో అది. తర్వాత గ్రూపులో ఒక్క మాట రాయండి, జోకు వేసింది అందరి ముందే కాబట్టి. "రేయ్, మొన్న నువ్వు పెట్టింది ఇప్పుడు మొత్తం చదివాను. నేను అన్నమాట చనిపోయినవాళ్ల మీద పడింది, అది తప్పే. కంపెనీ ఆ ట్యాంకుకు రంగెందుకు వేయించిందో నువ్వే వీళ్లకు చెప్పు." ఈ చివరి వాక్యం ముఖ్యం. మళ్లీ మాట్లాడే వీలు అతనికి దాంతో దొరుకుతుంది. తర్వాత అతను రాసేదాకా మీరు ఇంకేమీ రాయకండి. మిగతావాళ్లు ఎవరైనా జోకు వేసినా మీరు దానికి నవ్వుబొమ్మ పెట్టకండి. నాలుగు రోజులు పట్టినా పట్టవచ్చు, కంగారుపడకండి.

అతను మళ్లీ పెట్టడం మొదలుపెట్టాక మీ మొదటి స్పందన ఒక ప్రశ్న అయితే బాగుంటుంది. జోకు రెండోదిగా రానివ్వండి. వాయిదా వేయడంవల్ల మంచి జోకు చెడిపోదు, పైగా ఈలోగా అతని జవాబులోంచి మీకు ఇంకా మంచి ముక్క దొరకవచ్చు.

నెపోలియన్ సంగతి. జోకుతో సరిదిద్దవచ్చు, కాకపోతే నిజం ముందు, జోకు తర్వాత. జోకు ముందొస్తే అతని తప్పు పట్టుకుని వెక్కిరించినట్టు అవుతుంది. నెపోలియన్ ఎత్తు ఫ్రెంచి కొలతలో 5 అడుగుల 2 అంగుళాలు. ఫ్రెంచి అంగుళం ఇంగ్లీషు అంగుళం కన్నా పెద్దది. ఇప్పటి లెక్కలో అది సుమారు 168 సెంటీమీటర్లు, ఆ కాలపు ఫ్రెంచివాళ్లలో పొట్టి అనిపించే ఎత్తేమీ కాదు. పొట్టివాడనే పేరు రావడంలో ఇంగ్లండ్ కార్టూనిస్టు జేమ్స్ గిల్‌రే గీసిన బొమ్మలకు పెద్ద పాత్ర ఉంది. పెద్ద టోపీ, పెద్ద బూట్లు వేసి, చిన్నపిల్లాడిలా అలిగి గంతులేసే నెపోలియన్‌ను అతను గీశాడు. మీ స్నేహితుడు నమ్మింది ఆ పాత జోకునే. ముందు ఈ కొలత చెప్పి, ఆ వెనకే "గిల్‌రే వేసిన జోకు 200 ఏళ్లుగా మనందర్నీ నమ్మిస్తోందిరా, నిన్నొక్కడినే కాదు" అని రాయండి. తప్పు చిన్నదైతే ఇది కూడా విడిగా చెబితే చాలు. అప్పటికే వేరే గ్రూపులకు వెళ్లిపోయిన సంగతైతే అందరిలో రాయండి, అతనికి ముందే చెప్పి, వీలైతే అతని చేతే.